ముప్ఫై ఒకటో పేజీలో గేటు

క్వారీ రో, కెల్డ్‌బీ
6 మార్చి 1977

మన నోరాకి,

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. జవాబు రాయలేదని ఎల్సీ రోజూ పొద్దున టీతో పాటు ఒక చీవాటు కూడా పెడుతోంది. నేను ఉత్తరాలు రాసే మనిషిని కానని నీకు తెలుసు. రాళ్ళు పగలగొట్టిన చేతికి కలం నిలవదు. ఫోను పెట్టించుకోమంటావు గానీ, క్వారీ పేలుళ్ళకి పోయిన చెవులకి ఫోనెందుకు, దండగ.

ఇక్కడ చలి ఇంకా వదల్లేదు. పెరట్లో పంపు గడ్డకడితే వేడినీళ్ళు పోసి కరిగించాను. రెండు కోళ్ళు పోయాయి. నక్క అని నేనంటాను, చలి అని ఎల్సీ అంటుంది. తన కాలి పుండు అలాగే ఉంది. షుగరు మనిషికి పుండు మానడమంటే మాటలు కాదు. నర్సు జీన్ రోజూ బస్సు దిగి, చర్చి దారిన పావుగంట నడిచి వచ్చి, కట్టు మార్చి సూది వేసి వెళ్తుంది. ఆ అమ్మాయి వస్తున్నంత కాలమే ఎల్సీ ఈ ఇంట్లో ఉండగలిగేది. డాక్టరు ఆ మాట మొహం మీదే చెప్పాడు.

ఆ దారి గొడవ నీకు ముందే రాశాను కదా. దొరల భవంతి, ఆ హాలు కొనుక్కున్న లీడ్స్ ఆసామి క్రాస్లీ, అది తన సొంత పొలమనీ ఊరివాళ్ళకి హక్కు లేదనీ అంటున్నాడు. అక్కడ కారవాన్లు, అదే చక్రాల ఇళ్ళు, నిలబెట్టి వేసవిలో అద్దెకిస్తాడట. పోయినేడాది మేమందరం కౌన్సిలుకి అర్జీ పెట్టాం. చట్టం ఏమంటుందంటే, ఇరవై ఏళ్ళు ఎవర్నీ అడక్కుండా నడిస్తే దారి జనానిదట. అడిగి నడిస్తే మాత్రం యజమానిదేనట. మనం ఎవర్ని అడిగాం? అధికారి వచ్చి విచారణ చేస్తాడు. గెలుస్తామనే అందరూ అంటున్నారు.

అసలు సంగతికి వస్తాను. రాణిగారు గద్దెనెక్కిన పాతికేళ్ళ పండగకి మన ఊరి పాత ఫోటోలన్నీ ఏరి ఒక పుస్తకం వేస్తున్నారు. పని అంతా మిసెస్ లిస్టర్‌ది. బడి పంతులమ్మగా చేసి మానుకుంది కదా, ఇప్పుడు ఊరంతటినీ తరగతిగదిలా చూస్తోంది. ప్రతి ఇంటి అటకా దులిపించింది. అందులో అమ్మ ఫోటో దొరికింది నోరా. అమ్మ కాదు, అమ్మ శవపేటిక. 1934లో మంచు పడినప్పుడు, కార్డులు అచ్చువేసి అమ్ముకునే ఫోటో ఆయన ఒకాయన వచ్చాడు చూడు, ఆయన తీసింది. హాలు గేటు దగ్గర మనవాళ్ళందరూ ఉన్నారు. ముందు నేను, పదహారేళ్ళ గాడిదని, పేటిక మోస్తూ. వెనక నువ్వు ఆకుల దండ పట్టుకుని. గేటు పక్కన దొరసాని మిసెస్ ఆంబ్లర్.

ఆ రోజు గురించి ఎవరైనా నాలుగు ముక్కలు రాసివ్వాలట. నాకు చేతకాదు. చదువు నీకే అబ్బింది కాబట్టి నువ్వు రాసి పంపు.

ఎల్సీ అడిగానని రాయమంది.

ఆర్నాల్డ్


ప్లిమత్
20 మార్చి 1977

ప్రియమైన అన్నయ్యా,

నీ ఉత్తరం వంటింట్లో నిలబడే రెండుసార్లు చదివాను. అమ్మ పోయి నలభై మూడేళ్ళు. ఆ రోజుకి ఫోటో ఉందని నాకు ఈ జన్మలో తెలియదు.

మిసెస్ లిస్టర్‌కి నేరుగా రాసి పంపేశాను. నీ చేతిలో పెడితే అది వేసవి దాకా టీ డబ్బా వెనకే ఉంటుంది. ఎక్కువ రాయలేదు. మంచు, క్వారీ బండి రోడ్డు మూసుకుపోవడం, ఆరుగురు మోయడం, నా వేళ్ళు దండకి అతుక్కుపోవడం. తర్వాత దొరసాని సంగతి. ఆ గేటుకి హాలువాళ్ళు ఏడాదంతా తాళం వెయ్యకుండా, ఫిబ్రవరి రెండో తారీఖున మాత్రం వేసేవాళ్ళు కదా, దారి తమదేనని చాటుకోవడానికి. అమ్మని తీసుకెళ్ళింది సరిగ్గా ఆ రోజే. ఆవిడ తన చేత్తో తాళం తీసి, "ఇకనుంచి ఈ గేటు తెరిచే ఉంటుంది, నా అనుమతి మీద అందరూ నడవండి" అన్నదని రాశాను. జనం ఇలాంటివి చదవడానికి ఇష్టపడతారు.

ఇక్కడ నా పని మామూలే. బడి వంటశాలలో రోజుకి రెండొందల మందికి బంగాళాదుంపలు చిదమడం. మా ఆయన రెజ్ పోయాక ఇల్లు పెద్దదైపోయింది. మేడ మీద గది ఒక ఓడ వంటవాడికి అద్దెకిచ్చాను. ఓడలో వంట చేసి వచ్చి ఇంట్లో నా వంటకి వంకలు పెడతాడు. పోనీలే, మనిషి అలికిడి ఉంటుంది.

ఎల్సీ వదినకి మేజోళ్ళు పంపుతున్నాను. పుండుకి ఒరుసుకోకుండా మెత్తటి ఉన్ని.

నీ చెల్లెలు
నోరా


క్వారీ రో
2 మే 1977

నోరా,

పుస్తకం వచ్చింది. ముప్ఫై ఒకటో పేజీ చదివాను. మూడుసార్లు చదివాను.

నువ్వేం రాశావో నీకు తెలుస్తోందా? దొరసాని తాళం తీసిందా? ఎప్పుడు తీసింది? నువ్వు పదేళ్ళ పిల్లవి, వెనక దండ పట్టుకుని ముక్కు చీదుకుంటున్నావు. ముందున్నది నేను. ఆ గేటు తెరిచే ఉంది. తాళమూ లేదు, గీళమూ లేదు. నాన్న ఆవిణ్ణి ఏమీ అడగలేదు. మన నాన్న ఎవరి ముందూ టోపీ తీసిన మనిషి కాదు, హాలువాళ్ళ ముందైతే అసలే కాదు. ఈ నలభై మూడేళ్ళూ నేను క్వారీలో అందరికీ చెప్పింది అదే.

నువ్వు సరదాకి రాసుకుంటే నేను పట్టించుకునేవాణ్ణి కాదు. పుస్తకం అమ్మకానికి పెట్టిన నాలుగో రోజున క్రాస్లీ లాయరు కౌన్సిలుకి ఉత్తరం రాశాడు. అందులో నీ వాక్యం అక్షరం పొల్లుపోకుండా ఉంది. "నా అనుమతి మీద అందరూ నడవండి." ఊరివాళ్ళ సొంత పుస్తకమే, పేటిక మోసినవాడి సొంత చెల్లెలే చెబుతోంది కాబట్టి, అప్పటినుంచీ నడిచిందంతా హాలువాళ్ళ దయ వల్లేనట, హక్కు వల్ల కాదట. దయ అన్నది ఇచ్చినవాళ్ళు ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చట. మర్నాడే గేటుకి ముళ్ళ తీగ చుట్టించాడు.

ఇప్పుడు నర్సు జీన్ క్వారీ బండి రోడ్డున మూడు మైళ్ళు తిరిగి రావాలి. ఇంకా పదకొండు ఇళ్ళు చూసుకోవాల్సిన మనిషి. రోజు విడిచి రోజు వస్తోంది. నిన్న కట్టు విప్పితే వాసన వచ్చింది. ఎల్సీ కిటికీ వైపు తిరిగి, ఈసారి బఠాణీలు బాగా మొలిచాయి కదా అంది.

దీనికి ఒకటే మార్గం. ఒక కాగితం పంపుతున్నాను. "నేను అప్పుడు చిన్నపిల్లను, నా జ్ఞాపకం తప్పు, గేటుకి ఎప్పుడూ తాళం చూడలేదు" అని రాయించాను. సంతకం పెట్టి తిరుగు టపాలో పంపు.

ఆర్నాల్డ్


ప్లిమత్
9 మే 1977

అన్నయ్యా,

నీ కాగితం వచ్చింది. సంతకం పెట్టలేను.

వదిన కాలికి నా కలం వల్ల ఇంత వచ్చిందంటే నేను ఎక్కడ తల దాచుకోను? అయినా ఈ కాగితం మీద మాత్రం సంతకం పెట్టను. గేటుకి తాళం ఉంది. నా కళ్ళతో చూశాను. చూడలేదని ఎలా రాయను?

నువ్వు కోపంతో రాశావని తెలుసు. కానీ నీ కోపం ఈ గేటు మీద మొదలైంది కాదు. పద్నాలుగేళ్ళప్పుడు దొరసాని నన్ను ఇక్కడ తన పిన్ని ఇంట్లో పనికి పెట్టించినప్పటి నుంచీ ఉన్నదే. రైలెక్కే రోజు స్టేషనుకి కూడా రాలేదు నువ్వు. హాలువాళ్ళ ఉప్పు తిన్నదాన్ని కాబట్టి హాలువాళ్ళని పొగుడుతున్నానని నీ మనసులో ఉంది. ఉంటే ఉన్నట్టు చెప్పు. చెల్లెలి జ్ఞాపకం తప్పు అనే కాగితం వెనక దాక్కోవద్దు.

ఇంకొక కాగితం ఏదైనా చెప్పు, రాస్తాను. ఆవిడ అన్న మాటలు నాకు సరిగ్గా గుర్తులేవని రాస్తాను. అది నిజమే అవుతుంది కూడా. తాళం లేదని మాత్రం అడక్కు.

వదినకి చెప్పు, ఆదివారం తన పేరున ప్రార్థన చేయించాను.

నోరా


క్వారీ రో
16 మే 1977

నోరా,

నీ ప్రార్థనతో కట్టు మారదు.

నా మనసులో ఏముందో నువ్వే రాశావు కాబట్టి ఇక దాపరికం దేనికి? అవును. హాలువాళ్ళు విసిరిన ఎముక పట్టుకుని నువ్వు దక్షిణానికి వెళ్ళిపోయావు. నేను ఆ క్వారీలో నాన్న పక్కన రాళ్ళు కొట్టాను, నాన్న దగ్గి దగ్గి పోతుంటే పక్కన కూచున్నాను. నీకు ఈ ఊరు ఫోటోలో చూసుకుని మురిసిపోయే ఊరు. మేం ఇందులో బతకాలి. గేటు కట్టేస్తే నీ పొయ్యి ఆరిపోదు.

మాటలు గుర్తులేవని రాస్తావా? అలా రాస్తే లాయరు ఏమంటాడు? మాటలు గుర్తులేకపోయినా తాళం గుర్తుంది కదా, తాళం ఉంటే తీసింది ఎవరు అంటాడు. ఫోటోలో గేటు మీద చెయ్యి ఎవరిదో చూడమంటాడు. తాళమే లేదంటే ఏ గొడవా లేదు. అంత చిన్న మాట నీ నోట రాదు.

విచారణ జూన్ 14, మంగళవారం, ఊరి సభామందిరంలో. నేను చెప్పేది చెబుతాను. నువ్వు రావద్దు. వస్తే వాళ్ళ తరఫునే వచ్చినట్టు.

ఆర్నాల్డ్

*అదే ఉత్తరం కింద, వేరే చేతిరాతలో:*

నోరా, కవరు అతికించే పని నాది కాబట్టి ఇది రాస్తున్నాను, ఆయనకి తెలియదు. పుండు ఇలాగే ఉంటే జూలైలో నన్ను టౌనులో ముసలివాళ్ళ వార్డుకి మారుస్తామని డాక్టరు అన్నాడు. అక్కడికి వెళ్ళిన మా అక్క ఎలా తిరిగొచ్చిందో నీకు తెలుసు. నాకు భయంగా ఉంది, లేదని బుకాయించను. ఆయన నిద్రపోవడం లేదు. ఒంటరిగా కూచుని పోయిన మీ నాన్నతో మాట్లాడుతున్నట్టు గొణుగుతున్నాడు. అయినా నా కోసం నువ్వు అబద్ధం ఆడకు. ఈ ఇంట్లో ఏదో అబద్ధం ముందే ఉందని నాకనిపిస్తోంది, అదెక్కడుందో తెలియడం లేదు. మేజోళ్ళు మెత్తగా ఉన్నాయి. ఎల్సీ.


ప్లిమత్
8 జూన్ 1977

అన్నయ్యా,

నిన్న ఇక్కడ కూడా రాణిగారి పండగ. వీధిలో బల్లలు వేసి, జెండాలు కట్టి, పిల్లలకి జెల్లీ పెట్టారు. నేను రెండొందల శాండ్‌విచ్‌లు కోసి ఇంటికి వచ్చి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

పద్నాలుగో తారీఖున నేను వస్తున్నాను. ఎవరి తరఫునా కాదు. అధికారి అడిగితే జరిగింది జరిగినట్టు చెబుతాను. నువ్వు ఆ మందిరంలో కూచుంటావు, నీకు సగం వినపడదు, పక్కవాళ్ళ మొహాలు చూసి తెలుసుకోవాల్సి వస్తుంది. ఊరందరి కంటే ఆఖర్న నీకు తెలియడం నాకిష్టం లేదు. అందుకే ముందు నీకు రాస్తున్నాను. కూచుని చదువు.

పుస్తకంలో నేను రాసింది అబద్ధం. దొరసాని తాళం తియ్యలేదు. అనుమతి మాటలు ఆవిడ అనలేదు.

అమ్మ పోయింది మంగళవారం. ఒక్క గది ఇంట్లో మూడు రోజులు అమ్మని బల్ల మీద పడుకోబెట్టి మనం పక్కనే తిన్నాం, పడుకున్నాం. శుక్రవారం దాటితే పాస్టరు గారు పై లోయకి వెళ్ళిపోతారు, మళ్ళీ బుధవారం దాకా రారు. బండి రోడ్డు మంచులో కూరుకుపోయింది. శుక్రవారమేమో రెండో తారీఖు. గురువారం మధ్యాహ్నం, నువ్వు సమాధి తవ్వేవాళ్ళతో చర్చి దగ్గరున్నప్పుడు, నాన్న నన్ను చెయ్యి పట్టుకుని హాలుకి తీసుకెళ్ళాడు. చిన్నపిల్లని చూస్తే జాలిపడుతుందని కాబోలు.

వంటింటి గుమ్మం దగ్గర గంటసేపు నిలబెట్టారు. నాన్న టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. దొరసాని వచ్చింది. నాన్న అడిగాడు అన్నయ్యా. "అమ్మా, రేపు ఒక్క గంట" అన్నాడు. ఆవిడ అరవలేదు, తిట్టలేదు. మెత్తగానే కుదరదంది. తాళం వేసిన రోజునే శవం దాటితే ఆ దారి ఇక శాశ్వతంగా ఊరిదే అయిపోతుందని ఈ ఊరంతా నమ్ముతారనీ, తన లాయరు జాగ్రత్త చెప్పాడనీ అంది. శనివారం తీసుకెళ్ళమంది. పాస్టరు ఉండడని నాన్న చెప్పబోతే, ఇంకేమీ వినకుండా లోపలికి వెళ్ళింది. నాన్న వంగి మోకాళ్ళ మీద కూచున్నాడు. నా బూటు లేసు కట్టడానికని అనుకున్నాను. నా లేసు ఊడలేదు. లేవడానికి చాలాసేపు పట్టింది ఆయనకి. తిరిగొచ్చేటప్పుడు హాలు మనిషి మర్నాటి కోసం గేటుకి తాళం వేస్తుండగా చూశాను.

తెల్లారి మనం వెళ్ళేసరికి గేటు తెరిచి ఉంది. ఎవరు తెరిచారో నాన్న చెప్పలేదు, నేను అడగలేదు. అమ్మని పూడ్చి వచ్చాక నన్ను పక్కకి పిలిచి, "ఎవరడిగినా దొరసానిగారే తాళం తీశారని చెప్పు. ఇల్లు వాళ్ళది, పని వాళ్ళది. మీ అన్నయ్యకి కూడా వేరేలా చెప్పకు" అన్నాడు. ఆదివారం హాలు వంటమనిషి అడిగింది. చెప్పాను. బాగుండాలని అనుమతి మాటలు కూడా నేనే కలిపాను. కథల పుస్తకాల్లో దొరసానులు అలా మాట్లాడతారని. అది ఆవిడ చెవిన పడింది. ఆవిడ కాదనలేదు. దయగల మనిషినని పేరొస్తే ఎవరు కాదంటారు? ఆ తర్వాతి ఏడాది తాళం వెయ్యలేదు, ఇంకెప్పుడూ వెయ్యలేదు. నాలుగేళ్ళకి నన్ను పిలిచి ప్లిమత్ పంపించింది. ఎందుకు పంపిందో నాకు తెలుసు, ఆవిడకీ తెలుసు.

అబద్ధాన్ని ఎన్నిసార్లు చెప్పానంటే, మిసెస్ లిస్టర్‌కి రాసేటప్పుడు అది అబద్ధమని కూడా తోచలేదు. నీ కాగితం చూశాకే కళ్ళు తెరుచుకున్నాయి. వెంటనే చెప్పకపోవడం నా తప్పు. నాన్న అడుక్కున్నాడని నీకు రాయడానికి చెయ్యి రాలేదు. నువ్వు ఆయన గురించి గర్వంగా చెప్పుకునేది ఆ ఒక్కటేనని తెలుసు కాబట్టి.

నోరా


రైల్లో, బర్మింగ్‌హామ్ దాటాక
15 జూన్ 1977

అన్నయ్యా,

ఇది పోస్టు చేస్తానో లేదో తెలియదు.

నువ్వు నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. నా ఉత్తరం అందిందా అని మందిరం గుమ్మంలో అడిగితే పక్కకి తప్పుకుని వెళ్ళిపోయావు. అందిందని బిగుసుకున్న నీ మెడ చూస్తేనే తెలిసింది. అందాక కూడా నా కంటే ముందు లేచి, గేటుకి ఏనాడూ తాళం లేదని అధికారి ఎదుట గట్టిగా చెప్పి, వాంగ్మూలం మీద సంతకం పెట్టావు. తర్వాత నన్ను పిలిచారు. నేను తాళం ఉందన్నాను, దొరసాని కుదరదందని చెప్పాను, నాన్న సంగతి చెప్పాను. వెనక వరసలో క్వారీవాళ్ళు కాళ్ళు కదిలించారు. ఎవరో నవ్వారు.

లాయరు ఎంత మర్యాదగా మాట్లాడాడో నీకు వినపడలేదేమో. పుస్తకంలో ఒకటి, ఇక్కడ ఒకటి చెబుతున్నారు, ఎప్పుడు అబద్ధమాడారు అమ్మా అన్నాడు. అప్పుడే అన్నాను. రాత్రికి దొరసాని మనసు మారి తనే తెరిపించి ఉండొచ్చు కదా అన్నాడు. ఫోటో పైకెత్తి చూపించాడు. గేటు మీద చెయ్యి ఆవిడదే కదా అన్నాడు. చెయ్యి ఆవిడదేనన్నాను. గేటు ఎవరు తెరిచారో నాకు నిజంగా తెలియదు. ఆఖర్న, అన్న తాళమే లేదంటున్నాడు, చెల్లెలు ఉందంటోంది, ఈ కుటుంబం మాట మీద ఒకరి ఆస్తిని ఎలా తీసుకుంటారు అని కూచున్నాడు.

మన వల్లే ఊరివాళ్ళు ఓడిపోతారు. మనిద్దరి వల్లే. మిసెస్ లిస్టర్ ఇంట్లో పడుకున్నాను. ఆవిడ గుడ్డు ఉడకబెట్టి పెట్టింది. వదినని చూడకుండా వెళ్తున్నాను. ఆ తీగ దాటి రావడానికి నాకు మొహం చెల్లలేదు.

నోరా


క్వారీ రో
2 అక్టోబరు 1977

మన నోరాకి,

తీర్పు వచ్చింది. దారి ఊరిదే. నిన్న కౌన్సిలు మనుషులు వచ్చి తీగ కత్తిరించి పట్టుకెళ్ళారు. ఈ రోజు ఆదివారమైనా నర్సు జీన్ ఆ దారినే నడిచి వచ్చింది, ఊరికే, చూపించుకోవడానికి. ఎల్సీ ఇంట్లోనే ఉంది. జూలైలో తీసుకెళ్తామన్నవాళ్ళని, తీర్పు వచ్చేదాకా ఆగమని నేనే కాళ్ళావేళ్ళా పడి ఆపాను. అవును, పడ్డాను. టోపీ తీసే పడ్డాను. పుండు అంచుల్లో ఎర్రగా కొత్త చర్మం వస్తోంది. ఇంకా చాలా కాలం పడుతుందట.

ఇక నీకు చెప్పాల్సింది చెబుతాను. మూడున్నర నెలలు పట్టింది ఈ కాగితం ముందు కూచోడానికి.

రెండో తారీఖు తెల్లవారుజామున నాన్న నన్ను లేపి గేటు దగ్గరికి తీసుకెళ్ళాడు. క్వారీ సమ్మెట తెచ్చాడు. దీపం నేను పట్టుకున్నాను. మూడు దెబ్బలకి తాళం ఊడిపడింది. నాన్న చెయ్యి చీరుకుంది. "ఈ గేటుకి తాళం లేదు. ఎప్పుడూ లేదు. నేనెవర్నీ అడగలేదు. నోరాకి కూడా చెప్పకు, పిల్ల నోరు జారుతుంది. తెలిస్తే నన్ను జైల్లో పెడతారు" అన్నాడు. ముక్కలు నేనే ఏరి క్వారీ గుంట నీళ్ళలో వేశాను. అంతకు ముందురోజు నిన్ను తీసుకెళ్ళి అడిగాడని నీ ఉత్తరం చదివేదాకా నాకు తెలియదు. ప్రమాణపూర్వకంగా చెబుతున్నాను, తెలియదు.

దొరసాని గేటు మీద చెయ్యి వేసింది తెరవడానికి కాదు. ఎవరో విరగ్గొట్టారని ఎవరో చెబితే మూయించడానికి వచ్చింది. సగం మూసింది కూడా. ముందున్నది నేను కాబట్టి చూశాను. పేటిక మీద మంచు చూసిందో, నీ చేతులు చూసిందో, ఆగిపోయింది. ఫోటో ఆయన సరిగ్గా అప్పుడు తీశాడు. ఆ బొమ్మ చూసి ఊరంతా, హాలువైపువాళ్ళు దయ అనుకున్నారు, క్వారీవైపువాళ్ళు ఆవిడకి అక్కడేం పని అనుకున్నారు.

విచారణ రోజున నీ ఉత్తరం నా జేబులోనే ఉంది. లేచి నిజం చెబుదామనే వెళ్ళాను. నోరు తెరిస్తే అలవాటైన మాటే వచ్చింది. తర్వాత నువ్వు లేచి, అంతమంది ముందు నాన్న మోకాళ్ళ మీద కూచున్నాడని చెబుతుంటే, నేను చెవి యంత్రం తిప్పి ఆపేశాను. నీ పెదాలు కదలడం మాత్రం చూశాను. అబద్ధమాడినవాణ్ణి నేను, నిన్ను అబద్ధాలకోరువని ఉత్తరాల్లో తిట్టినవాణ్ణీ నేనే.

ఇంటికొచ్చాక ఎల్సీ అడిగింది. కడుపులో ఉన్నదంతా కక్కేశాను. తను తిట్టలేదు. కాగితం, కలం తెచ్చి ముందు పెట్టి, "అధికారికి రాయి, టీ తర్వాత ఇస్తాను" అంది. రాశాను. నా వాంగ్మూలం అబద్ధం, తాళం ఉంది, మా నాన్న విరగ్గొట్టాడు, నేను దీపం పట్టుకున్నాను అని. అబద్ధపు వాంగ్మూలమని నా మీద కేసు పెడతారేమో, అసలు మొత్తం కొట్టేస్తారేమో అనుకున్నాను. పెట్టలేదు. నా ఉత్తరాన్ని క్రాస్లీ లాయరుకి పంపి జవాబు అడిగారట. తీర్పులో అధికారి రాసింది మిసెస్ లిస్టర్ నాకు రెండుసార్లు గట్టిగా చదివి వినిపించింది. అడిగారు, కుదరదన్నారు, అయినా నడిచారు, ఆ తర్వాత నలభై మూడేళ్ళు ఎవరూ ఆపలేదు. ఇది అనుమతి కాదు అని. అన్నాచెల్లెళ్ళలో ఏ ఒక్కరి మాటతో అయినా ఇది తేలేది కాదని కూడా రాశాడు.

నాన్న మీద కోపం వస్తోంది నోరా, రాకుండా ఎలా ఉంటుంది? ఇల్లు పోకుండా ఒక అబద్ధం నీకిచ్చాడు, జైలు తప్పడానికి ఒకటి నాకిచ్చాడు. ఇద్దరం ఎవరిది వాళ్ళం జాగ్రత్తగా దాచుకున్నాం. దాచుకోడానికని ఆ రోజు గురించి ఒకరితో ఒకరం మాట్లాడుకోవడమే మానేశాం. నేను స్టేషనుకి రాలేదని రాశావు. హాలువాళ్ళ బండిలో వెళ్తున్న నీ ముందు నేనే నోరు జారతానేమోనని రాలేదు. నీ మీద కోపంతో కాదు, భయంతో.

నాన్న అడుక్కున్నాడన్నది కూడా రాత్రింబవళ్ళు ఆలోచించాను. సిగ్గేస్తుందనుకున్నాను. వెయ్యలేదు. అడక్కుండా విరగ్గొట్టి ఉంటే అది ఒట్టి మొండితనం. అడిగి, కాదనిపించుకుని, అప్పుడు సమ్మెట ఎత్తాడు.

ఇప్పుడు నిన్నొకటి అడుగుతాను, జవాబు తిరుగు టపాలో రాయి. ఆ రోజు నువ్వు ఏడ్చావా? నేను ఏడవలేదు. పేటిక మోస్తున్నంతసేపూ, మట్టి వేస్తున్నంతసేపూ, తాళం ముక్క ఏదైనా మంచులో మిగిలిపోయిందేమోనని దాని గురించే ఆలోచిస్తూ ఉన్నాను. పోయింది అమ్మ అని నాకు తోచలేదు. నిన్న తీగ కత్తిరిస్తుంటే తోచింది. యాభై తొమ్మిదేళ్ళవాణ్ణి, కౌన్సిలు మనుషుల ఎదురుగా గేటు పట్టుకుని ఏడ్చాను.

మీ అన్న
ఆర్నాల్డ్